మా సంఘానికి యాభై ఏళ్లు: ఇది సునాద సంవత్సరమేనా?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ సంఘం మొదలై ఈ ఏడాదితో యాభై ఏళ్లు నిండుతున్నాయి. పాస్టరు గారు దీన్ని జూబిలీ సంవత్సరంగా ప్రకటించి, విశ్వాసుల అప్పులన్నీ తీరిపోతాయని, పోయిన ఆస్తులు తిరిగి వస్తాయని ప్రసంగించారు. ప్రత్యేక కానుక కూడా అడిగారు. బైబిల్లో జూబిలీ అంటే ఇదేనా, క్రైస్తవులు దాన్ని ఆచరించాలా, రోమ్‌లో పోపు తెరిచే తలుపుకీ దీనికీ సంబంధం ఏమిటి అని మీరు అడుగుతున్నారు.

ముప్పై ఏళ్లకు పైగా విశ్వాసులకు పాత నిబంధన పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న ఏదో రూపంలో ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. మీ పాస్టరు గారి ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ లేవీయకాండం 25వ అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి చూడండి. "నీకు వస్తుంది" అనేదానికన్నా "నీ దగ్గరున్నది తిరిగి ఇచ్చెయ్" అనేదే అందులో ఎక్కువ వినిపిస్తుంది. ఆజ్ఞల్లో చాలా భాగం పోగొట్టుకున్నవాడితో కాదు, కొనుక్కున్నవాడితో చెప్పినవి.

ముందు పేరు సంగతి చూద్దాం, తికమక సగం అక్కడే ఉంది. హీబ్రూ మాట "యోబేల్". పొట్టేలు కొమ్ము, ఆ కొమ్ముతో చేసిన బూర అని అర్థం. యెరికో చుట్టూ యాజకులు ఊదుతూ తిరిగిన బూరల గురించి యెహోషువ 6లో ఇదే మాట ఉంది. బైబిల్ లాటిన్‌లోకి వెళ్లినప్పుడు, ఆ భాషలో అప్పటికే ఉన్న "యూబిలారే", అంటే కేరింతలు కొట్టడం, అనే మాటతో ఇది కలిసిపోయింది. అప్పటి నుంచి జూబిలీ అంటే సంబరం అయి కూర్చుంది. ఇరవై ఐదేళ్లకొకటి, యాభైకొకటి, అరవైకొకటి. మన తెలుగు బైబిల్ అనువాదకులు ఆ దారిన పోలేదు. "సునాద సంవత్సరము" అన్నారు. అందులో నాదం ఉంది, అంటే బూర మోత ఉంది. ఎవరికి తట్టిందో గాని చక్కటి మాట.

ఆ బూర ఎప్పుడు ఊదాలన్నది చాలామంది దాటేసే వివరం. ఏడు ఏడుల నలభై తొమ్మిది సంవత్సరాలు లెక్కపెట్టాక, ఏడో నెల పదో రోజున ఊదాలి. అది ప్రాయశ్చిత్తార్థ దినం. ప్రజలంతా తమ్మును తాము దుఃఖపరచుకునే రోజు, ప్రధానయాజకుడు అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లే రోజు, జనం పాపాలు మోసుకుని మేక అరణ్యంలోకి పోయే రోజు. దేవుడు తమ పాపాలు తీసేశాడని తెలుసుకున్న రోజునే, పొరుగువాడి పొలం వాడికి వదిలెయ్యమని కూడా వింటారు. దేవుడి దగ్గర విడుదల పొందడం, మనిషిని విడుదల చెయ్యడం ఒకే రోజు జరగాలి. నా దృష్టిలో సునాదం మొత్తానికి కీలకం ఇదే.

ఆ ఏడాది మూడు పనులు జరగాలి. భూమికి విశ్రాంతి. పొలం అసలు కుటుంబానికి తిరిగి వెళ్లడం. బీదరికంతో తనను తాను అమ్ముకున్న ఇశ్రాయేలీయుడు పిల్లలతో సహా ఇంటికి వెళ్లడం. మూడింటికీ కారణం 23వ వచనంలో ఒక్క మాటలో ఉంది: భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులు అంటాడు దేవుడు. కాబట్టి ఆ చట్టంలో పొలాన్ని శాశ్వతంగా అమ్మడమే కుదరదు. మనం అమ్మకం అనుకునేది నిజానికి కౌలు.

15, 16 వచనాల లెక్క చూడండి, భలే ఉంటుంది. ఒక పొలం ఖర్చులు పోను ఏటా పది తులాల వెండి విలువ చేసే పంట ఇస్తుందనుకుందాం. సునాదం వచ్చేలోగా ముప్పై నాలుగు పంటలు మిగిలి ఉంటే దాని వెల 340 తులాలు. ఆరే మిగిలి ఉంటే 60. కొనేవాడు కొనేది మట్టిని కాదు, పంటల సంఖ్యను. పది పంటలు తిన్నాక అమ్మినవాడి అన్నో బాబాయో వచ్చి, మిగిలిన ఇరవై నాలుగు పంటల విలువ 240 తులాలు లెక్కపెట్టి ఇస్తే, కొన్నవాడు "నాకు ఇష్టం లేదు" అనడానికి లేదు, వదిలెయ్యాల్సిందే. ఎవరూ రాకపోయినా సునాదం నాడు ఉత్తినే వదిలెయ్యాలి. ఇందులో కొన్నవాడికి నష్టం లేదు, పెట్టిన వెండికి సరిపడా పంట తిన్నాడు. తాతలనాటి పొలం ఇంకొకడికి ఎప్పటికీ పోకుండా ఆపడమే ఆ చట్టం చేసేది.

ఇక అధ్యాయంలో రెండో సగం. "నీ సహోదరుడు బీదవాడైతే" అన్న మాట నాలుగుసార్లు వస్తుంది: 25, 35, 39, 47 వచనాల్లో. ప్రతిసారీ వాడు ఒక మెట్టు దిగి ఉంటాడు. మొదట పొలంలో కొంత అమ్ముతాడు. తర్వాత చేతిలో ఏమీ లేక నీ మీద ఆధారపడతాడు. అప్పుడు వడ్డీ తీసుకోవద్దు అంటుంది వాక్యం. మూడోసారి తనను తాను నీకే అమ్ముకుంటాడు. బానిసలా చూడొద్దు, కూలివాడిలా చూడు అంటుంది. నాలుగోసారి పరదేశికి అమ్ముడుపోతాడు. అప్పుడు కూడా దగ్గరి బంధువు వెళ్లి విడిపించుకోవచ్చు. ప్రతి మెట్టు దగ్గరా పట్టుకోవడానికి ఒక చెయ్యి. ఆ చేతులన్నీ విఫలమైతే అప్పుడు సునాదం. యాభై ఏళ్ల దాకా చూస్తూ కూర్చోమని వాక్యం ఎక్కడా చెప్పలేదు, దీన్ని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మీరు ప్రత్యేకంగా అడిగిన అప్పుల సంగతి. లేవీయకాండం 25 అప్పుల రద్దు గురించి నేరుగా మాట్లాడదు. అది ద్వితీయోపదేశకాండం 15లో ఉంది, అదీ ఏడేళ్లకొకసారి. రెండింటినీ కలిపి ప్రసంగించడం తప్పని అనను, పొలం పోయేదీ మనిషి అమ్ముడుపోయేదీ అప్పు వల్లే గనక. కానీ అక్కడ కూడా ఎవరితో చెప్తున్నారో చూడండి: అప్పు ఇచ్చినవాడితో. ఏడో సంవత్సరం దగ్గరపడిందని బీదవాడికి ఇవ్వకుండా చెయ్యి ముడుచుకోవద్దని కూడా వాడికే హెచ్చరిక.

ఇబ్బంది పెట్టే సంగతులూ దాచకూడదు. ప్రాకారం ఉన్న పట్నంలో ఇల్లు అమ్మితే ఒక్క ఏడాదిలోపే విడిపించుకోవాలి, తర్వాత సునాదం వచ్చినా తిరిగి రాదు. పొలం బతుకు, పట్నంలో ఇల్లు ఆస్తి. ఆ తేడా నాకు అర్థమవుతుంది. కానీ 44 నుంచి 46 వరకు వచనాలు అంత సులువుగా మింగుడు పడవు. అన్యజనుల్లోంచి కొన్న దాసులకు ఈ విడుదల వర్తించదు, వాళ్లు పిల్లలకు వారసత్వంగా కూడా పోతారు. తరగతిలో ఈ మూడు వచనాలూ చదివించినప్పుడు ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు. చూడాలి కూడా. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

అసలు ఇశ్రాయేలీయులు సునాదాన్ని ఎప్పుడైనా ఆచరించారా? ఫలానా ఏడాది సునాదం జరిగిందని చెప్పే కథ బైబిల్లో ఒక్కటీ లేదు. దాన్ని ఎగ్గొట్టిన కథలు మాత్రం ఉన్నాయి. నాబోతు అనే రైతు తన పిత్రార్జితం అహాబు రాజుకు ఇవ్వనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్నాడు. యూదా రాజు సిద్కియా కాలంలో, బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును చుట్టుముట్టిన రోజుల్లో, పెద్దలు తమ దాసులను విడిపిస్తామని నిబంధన చేశారు, విడిపించారు. ముట్టడి కాస్త సడలగానే వాళ్లనే మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. యిర్మీయా 34 చదవండి. లేవీయకాండంలో "విడుదల" అన్నచోట ఉన్న "దెరోర్" అనే హీబ్రూ మాటే అక్కడా ఉంటుంది, కోపంతో. మీరు విడుదల ప్రకటించలేదు గనక మీకు నేనొక విడుదల ప్రకటిస్తాను, ఖడ్గానికీ తెగులుకూ కరువుకూ అంటాడు దేవుడు. బబులోను చెరలో గడిచిన డెబ్భై ఏళ్లు భూమి తనకు రావలసిన విశ్రాంతి తీసుకుందని రెండో దినవృత్తాంతాలు ముగుస్తూ చెబుతుంది. ఒక రకంగా అప్పు వసూలైంది.

ఇప్పుడు నజరేతుకు రండి. క్రైస్తవులకు జూబిలీ అర్థం లేవీయకాండంలో ఆగదు, లూకా 4 దాకా వెళ్లాలి. విశ్రాంతిదినం, సమాజమందిరం, యేసు చదవడానికి నిలబడ్డాడు. యెషయా గ్రంథపు చుట్ట ఆయన చేతికి ఇచ్చారు. 61వ అధ్యాయం దగ్గర విప్పి చదివాడు: బీదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల, గుడ్డివాళ్లకు చూపు, ప్రభువు హితవత్సరం, అంటే ఆయన దయ చూపే ఏడాది. యెషయాలో ఆ "విడుదల" మళ్లీ అదే "దెరోర్". హితవత్సరం తర్వాత యెషయా వాక్యంలో "ప్రతిదండన దినము" ఉంది. అక్కడిదాకా వెళ్లకుండా మధ్యలోనే ఆపేశాడు. చుట్ట చుట్టి, పరిచారకుడికి ఇచ్చి, కూర్చున్నాడు. అందరి కళ్లూ ఆయన మీదే. "నేడు" ఈ లేఖనం నెరవేరింది అన్నాడు. యాభయ్యో ఏడు ఎప్పుడా అని లెక్కపెట్టే పని ఆ ఒక్క మాటతో తీరిపోయింది. కేలండర్ పోయి ఆ స్థానంలో ఆయన నిలబడ్డాడు.

అంతవరకు ఊరివాళ్లు బాగానే విన్నారు. తర్వాత ఆయన రెండు పాత కథలు గుర్తుచేశాడు. కరువులో దేవుడు ఏలీయా ప్రవక్తను పంపింది సీదోను దేశంలోని సారెపతు విధవరాలి దగ్గరికి. ఎలీషా ప్రవక్త కాలంలో శుద్ధుడైన కుష్ఠరోగి సిరియావాడైన నయమాను. ఇద్దరూ పరాయివాళ్లే. ఆ మాటకే ఆయన్ను కొండకొమ్ము మీంచి తోసెయ్యబోయారు. ఇందాక నేను పక్కన పెట్టిన 44వ వచనాన్ని ఇప్పుడు దీని పక్కన పెట్టి చూడండి. సునాదంలో ఎవరికైతే చోటు లేదో, వాళ్ల పేర్లే ఆయన ముందు చదివాడు. నాకు ఈ రెండు వాక్యభాగాలూ విడివిడిగా ఎప్పుడూ కనబడవు.

ఇంకొకటి. పాత నిబంధన గ్రీకు అనువాదంలో సునాదాన్ని "అఫెసిస్" అన్నారు, విడిచిపెట్టడం అని. లూకా 4లో "విడుదల" ఆ మాటే. కొత్త నిబంధనలో మనం "పాపక్షమాపణ" అని చదివేచోట్ల క్షమాపణకు మూలంలో ఉన్నదీ ఆ మాటే. మనకు విడుదల ఒకటి, క్షమాపణ ఒకటి. లూకాకు రెండూ ఒకటే. ప్రభువు ప్రార్థన మన తెలుగు మత్తయిలో ఎలా ఉందో మీకు తెలుసు: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములను క్షమించుము". రోజూ నోటితో అనే మాటే. పదివేల తలాంతుల అప్పు మాఫీ అయినవాడు నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్న ఉపమానం కూడా ఇక్కడిదే. దేనారం ఒక రోజు కూలి. తలాంతుకు సుమారు ఆరువేల దేనారాలు. అంటే వాడికి మాఫీ అయింది ఆరు కోట్ల రోజుల కూలి, వాడు వదల్లేకపోయింది వంద రోజుల కూలి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం తరగతిలో ఈ అధ్యాయం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు, "సార్, ఈ కథలో మీరెవరు? పొలం పోగొట్టుకున్నవాడా, కొనుక్కున్నవాడా?" పోగొట్టుకున్నవాణ్నే అన్నాను, తడుముకోకుండా. ఇంటికెళ్లాక బీరువాలో ఉన్న ప్రాంసరీ నోటు గుర్తొచ్చింది. నాకు తమ్ముడి వరస అయ్యేవాడు రాసిచ్చినది. అప్పటికి ఆరేళ్లు. తీర్చలేక మా ఇంటికి రావడం మానేశాడు, రోడ్డు మీద కనబడితే పక్కకి తప్పుకునేవాడు. రెండు వారాలు నాతో నేనే వాదించుకున్నాను: వాడికి అలుసవుతుందని, నా పిల్లల డబ్బని, అడగందే ఎందుకివ్వాలని. చివరికి వెళ్లి నోటు వాడి చేతిలో పెట్టాను. థాంక్స్ అనలేదు. నోటు మీద తేదీ చాలాసేపు చూశాడు, "ఇంత కాలమైందా అన్నయ్యా" అన్నాడు. డబ్బు పోయిన బాధ లేదంటే అబద్ధం. కానీ ఆ తర్వాత వాడు మా ఇంటికి వస్తున్నాడు. "ప్రతివాడు తన కుటుంబమునకు తిరిగి రావలెను" అన్న పదో వచనం చదివినప్పుడల్లా నాకు వాడి మొహమే కనబడుతుంది.

రోమ్ తలుపు సంగతి క్లుప్తంగా. కతోలికుల పరిశుద్ధ సంవత్సరం 1300లో ఎనిమిదో బోనిఫేసు పోపు ప్రకటించినది. ఆయన అనుకున్నది వందేళ్లకొకసారి. ఆరో క్లెమెంటు దాన్ని యాభై ఏళ్లకు తగ్గించడంతో 1350లో రెండోది జరిగింది. 1470లో రెండో పౌలు పోపు ఇరవై ఐదేళ్లు చేశాడు, ప్రతి తరానికీ ఒకటైనా అందాలని. మధ్యలో ప్రత్యేక జూబిలీలూ ఉంటాయి, 2015లో మొదలైన కరుణ సంవత్సరం లాంటివి. ఆ ఏడాది తెరిచే పరిశుద్ధ ద్వారంలోంచి నడవడం, యాత్ర, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), వీటితో పాటు ఇండల్జెన్స్, అంటే పాపక్షమాపణ పొందాక కూడా మిగిలే శిక్ష నుంచి విముక్తి. 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ గొడవ మొదలైంది ఈ ఇండల్జెన్స్‌ల అమ్మకం మీదే గనక ప్రొటెస్టెంట్లకు ఇది నచ్చకపోవడంలో వింత లేదు, నాకూ ఆ సిద్ధాంతంతో ఏకీభావం లేదు. అలాగని ఎగతాళి చెయ్యను. పోపు ఫ్రాన్సిస్ 2024 డిసెంబర్ 24న సెయింట్ పీటర్స్‌లో తలుపు తెరిచి, రెండు రోజులకే రోమ్‌లోని రెబిబ్బియా జైలుకు వెళ్లి అక్కడ కూడా ఒక పరిశుద్ధ ద్వారం తెరిచారు. చెరలో ఉన్నవాళ్లకు విడుదల అన్న వాక్యాన్ని ఆయన అక్షరాలా తీసుకున్నారు. సంఘాల బయట కూడా ఈ అధ్యాయం పనిచేసింది: అతి బీద దేశాల అప్పులు రద్దు చెయ్యాలని "జూబిలీ 2000" పేరుతో ఉద్యమం నడిచింది, 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో ధనిక దేశాల నాయకుల సమావేశం జరుగుతుండగా సుమారు 70,000 మంది చేతులు కలిపి మానవహారం కట్టారు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని లిబర్టీ బెల్ (స్వేచ్ఛా గంట) మీద చెక్కింది కూడా లేవీయకాండం 25:10నే. ఆ గంట మోగుతున్న రోజుల్లో ఆ ఊళ్లోనే మనుషుల్ని కొని అమ్మేవాళ్లు.

మరి మనం ఆచరించాలా? చట్టంగా అయితే అక్కర్లేదు. గోత్రాల వారీగా పంచిన ఆ భూమి మనకు లేదు, ఆ యాజకత్వం లేదు, పండుగలూ విశ్రాంతిదినాలూ రాబోయేవాటి ఛాయ అని కొలొస్సయులు 2 చెబుతుంది. సంఘం యాభై ఏళ్లు పూర్తిచేసుకుంటే కృతజ్ఞతా పండుగ చేసుకోండి, హాయిగా. దానికి జూబిలీ అని పేరు పెట్టినా పాపం ఏమీ లేదు. కానీ ఆ పేరు పెట్టుకుని లేవీయకాండాన్ని ఉదహరిస్తే, ఆ అధ్యాయం అడిగేదానికి కూడా సిద్ధపడాలి. సునాదంలో బీదవాడి నుంచి కానుక తీసుకునే ఏర్పాటు నాకు ఎక్కడా కనబడలేదు. ఆరో ఏట మూడేళ్ల పంట ఇస్తానన్న 21వ వచనం మీద ఆశీర్వాద ప్రసంగాలు చాలా విన్నాను. ఆ పంట ఇచ్చేది విత్తకుండా, పోగుచేసుకోకుండా కూర్చునే ధైర్యం రావడానికి.

మీకు వ్యక్తిగతంగా ఒక మాట. ఈ ఏడాది అప్పులు తీరిపోతాయని నమ్మి కొత్త అప్పు చెయ్యకండి, కానుక కోసమైతే అసలే చెయ్యకండి. పాత అప్పు కట్టడం ఆపకండి, ఇచ్చినవాడు మాఫీ చేస్తే అది సునాదం, మీరు ఎగ్గొడితే కాదు. మీరే ఎవరికైనా ఇచ్చి ఉంటే, తీర్చలేక మొహం చాటేస్తున్నవాడు ఎవరైనా ఉంటే, ఆ సంగతి మీకూ దేవుడికీ మధ్య.

పాస్టరు గారితో వాదనకు దిగొద్దు. సంఘ నిధి నుంచి అప్పు తీసుకుని కట్టలేకపోతున్న కుటుంబాలు ఉన్నాయేమో పెద్దల్ని ఒకసారి చూడమని అడగండి. కోపతాపాలతో రావడం మానేసినవాళ్ల ఇళ్లకు ఎవరైనా వెళ్తే బాగుంటుందని చెప్పండి. ఇక పండుగ ఆదివారం నాడు 25వ అధ్యాయాన్ని ఆరాధనలో మొత్తం చదివించమనండి. 55 వచనాలు, నింపాదిగా చదివినా పది నిమిషాలు. పదో వచనం దగ్గర మాత్రం ఆపొద్దని చదివేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.